పెట్టెలు కట్టే బాబాయి

బాబాయి ప్రభువునందు నిద్రించారన్న కబురు నేను డాబా మీద బట్టలు ఆరేస్తుండగా వచ్చింది. బహ్రెయిన్‌లో మా పక్క గదిలో ఉండే అక్క సెలవు మీద వచ్చి, నరసాపురంలో బస్సెక్కి మమ్మల్ని చూడటానికి వచ్చింది. కింద నుంచి పిలవకుండా తిన్నగా మెట్లెక్కి, నా చేతిలోని తడి చీర రెండో కొస పట్టుకుని పిండింది. పిండటం అయ్యాక చెప్పింది.

"మన బాబాయిగారు లేరమ్మాయ్. పోయిన నెల నిద్రలోనే వెళ్ళిపోయారు. అక్కడే సమాధి చేశారు."

నేను చీర తీగ మీద వేసి క్లిప్పులు పెట్టాను. మళ్ళీ తీసి మళ్ళీ పెట్టాను. ఏడుపు అప్పుడు రాలేదు. సాయంత్రం బెండకాయలు తరుగుతుంటే వచ్చింది.

ఈ పత్రిక చదివే మీలో ఆయన్ని ఎరిగినవాళ్ళు అట్టే ఉండరు. ఆయన పాస్టరు కాదు, సువార్తికుడూ కాదు. మనామాలో ఓడరేవు దగ్గర ఒక గోడౌన్‌లో సామాను ప్యాకింగ్ చేసేవారు. కోనసీమ మనిషి. నాకు రక్తసంబంధం ఏమీ లేదు. అక్కడి తెలుగువాళ్ళందరికీ ఆయన బాబాయే, ఆయనకంటే పెద్దవాళ్ళకి కూడా.

ఆ రోజులు ఇప్పుడు తలుచుకుంటే ఆవిరి పట్టిన అద్దంలోంచి చూసినట్టుంటాయి. సౌదీకి సముద్రం మీద వంతెన కడుతున్న కాలం అది. మా గది జిదాఫ్స్ బజారులో ఒక దుకాణం మీద. పొద్దున్నే కిటికీ తీస్తే గాలి బదులు నీళ్ళు వచ్చి మొహానికి తగిలేవి. వీధి, మసీదు, కూరగాయల బండ్లు అన్నీ ఆ తేమలో కొంచెం కరిగినట్టు కనిపించేవి. మా ఆయన ఒక కంపెనీలో ఎలక్ట్రీషియన్. నేను బుసైతీన్‌లో ఒక అరబ్బు ఇంట్లో పిల్లల్ని చూసుకునేదాన్ని. పొద్దున వ్యాను వచ్చి తీసుకుపోయేది, పొద్దు గుంకాక దింపేది. మా రెండేళ్ళ పాపని మా అమ్మ దగ్గర వదిలి వెళ్ళాం.

అక్కడ మా ఆదివారం శుక్రవారం వచ్చేది. మనామాలో అద్దెకి తీసుకున్న ఒక మేడ గదిలో తెలుగువాళ్ళం చేరి ప్రార్థన చేసుకునేవాళ్ళం. బాబాయి వెనక వరుసలో చెప్పుల దగ్గర కూర్చునేవారు. పాట ఎత్తుకుంటే రాగం ఒకవైపు, ఆయన ఒకవైపు. సాక్ష్యం చెప్పమంటే లేచి నిలబడి, "అన్ని విషయాల్లోనూ ప్రభువు నన్ను మార్చాడండి. ఆవకాయ విషయంలో మాత్రం నేనింకా రక్షణ పొందలేదు. ప్రార్థించండి" అని కూర్చునేవారు. ఎవరింట్లో కొత్త జాడీ తీసినా ఆయనకి ఎలా తెలిసేదో గాని, ఆ సాయంత్రం గుమ్మంలో ఉండేవారు.

గల్ఫ్ నుంచి ఇంటికి రావడమంటే ఏమిటో అక్కడున్నవాళ్ళకి తెలుసు. సెలవు దొరికిన మనిషి ప్రయాణానికి ముందు శుక్రవారం తన సామానంతా మంచం మీద పరిచేవాడు. దుప్పట్లు, టేప్‌రికార్డరు, సెంటు సీసాలు, పాలపొడి డబ్బాలు, గడియారాలు. ఎరిగినవాళ్ళంతా వచ్చి పెళ్ళిచూపుల్లో పిల్లని చూసినట్టు చూసి, టీ తాగి, ధర అడిగి, మనసులో తమ సెలవుకి ఏం కొనాలో అనుకుని వెళ్ళేవాళ్ళు. తర్వాత బాబాయి వచ్చేవారు, చంకలో తాడు చుట్టతో.

ఆయన పెట్టె కడితే అదొక పని. అట్టపెట్టెకి లోపల ఇంకో అట్ట వేసేవారు. మూలలకి గుడ్డ చుట్టేవారు. బొంబాయి ఎయిర్‌పోర్టులో కూలీలు విసిరికొట్టినా ఆయన ముడి విడిపోదని పేరు. ఎవరైనా సాయం చేస్తానని వచ్చి వదులుగా ముడి వేస్తే మాత్రం ఊరుకునేవారు కాదు. "ఇది ముడా, ముగ్గా?" అని విప్పించేవారు.

ఒక్కో వస్తువు చేతిలోకి తీసుకుని ముందు ముచ్చటపడేవారు. వస్తువులంటే ఆయనకి కోపమేమీ లేదు. ఫ్లాస్కు మూత తిప్పి చూసి, "ఎంత చక్కగా చేశాడో చూడు, చేసినోడు" అనేవారు. దుప్పటి చెంపకి ఆనించుకునేవారు. అప్పుడు అడిగేవారు.

"ఇది ఎవరికమ్మా?"

అమ్మకి, చెల్లికి, బావకి అంటే సంతోషంగా లోపల పెట్టేవారు. ఎవరికో చెప్పలేకపోతే పక్కన పెట్టేవారు. చివర్లో ఆ పక్కన పెట్టినవన్నీ మనకే చూపించి, "ఇవి కూడా సర్దమంటే సర్దుతాను. నీ ఇష్టం" అనేవారు. ఎప్పుడూ కాదనలేదు. ఆయన అడగడం వరకే. అయినా ఆ పక్కన పెట్టినవాటిని చూస్తే మనిషికి ఎందుకో తల వాలిపోయేది.

నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన తాపీమేస్త్రీ ఒకతను ఉండేవాడు. మన సంఘం మనిషి కాదు, హిందువు. అయినా పెట్టె కట్టించుకోవడానికి ఆయన దగ్గరికే వచ్చేవాడు. ఒకసారి అతని మంచం మీద మూడు టేప్‌రికార్డర్లున్నాయి. మూడోది ఎవరికని బాబాయి అడిగారు.

"మా ఊరికి కాకా" అన్నాడతను. "దుబాయి పోయొచ్చినోడు ఉత్త చేతులతోని దిగితే మనిషి లెక్క సూడరు."

"ఊళ్ళో ఎవరికి?"

మేస్త్రీ తల గోక్కున్నాడు. "ఎవ్వలికీ గాదు కాకా. జర సూపెట్టుకోనీకె."

బాబాయి నవ్వి, ఆ మూడోదానికీ గుడ్డ చుట్టి జాగ్రత్తగా పెట్టారు. "నిజం చెప్పినోడి సామాను పగలకూడదు" అన్నారు. ఆ మేస్త్రీ తర్వాత చాలా రోజులు ఆ మాట చెప్పుకుని నవ్వుకునేవాడు.

ఆయనకి జ్వరమొస్తే ఒకసారి గంజి తీసుకుని నువైద్రాత్‌లో ఆయన ఉండే లేబర్ క్యాంపుకి వెళ్ళాం. గదిలో ఇనుప మంచం, రేకు ట్రంకు, టీ కెటిల్. మేకుకి రెండు చొక్కాలు. కిటికీలోంచి దూరంగా చమురు ఫ్యాక్టరీ గొట్టం మీది మంట కనిపిస్తోంది. పగటి ఎండలో ఆ మంట గాలి వణుకుతున్నట్టుందంతే. నాకు జాలేసి, ఇన్నేళ్ళ నుంచీ ఉండి ఏమీ కొనుక్కోలేదేమని అడిగాను.

"సఖినేటిపల్లి రేవులో గోదారి దాటాలంటే పంటు ఎక్కుతామా లేదా?" అన్నారాయన గంజి ఊదుకుంటూ. "పంటు మీద నించున్నోడు బీరువా కొనుక్కుంటాడా అమ్మా? అవతలి గట్టు కనపడతానే ఉంది కదా."

అది విని మా ఆయన నవ్వారు. నేనూ నవ్వాను. గంజి గిన్నె కడుక్కుని వచ్చేశాం.

ఇప్పుడు మా సంగతి చెప్పాలి. అప్పటికి మాకు ఇక్కడ ఇల్లు అయిపోయింది. శ్లాబు వేశాం, గచ్చు చేశాం. ఇబ్బంది లేదు. ఒప్పందం ముగిసి ఇద్దరం వచ్చేయాల్సిన సమయంలో మా ఆయన్ని వాళ్ళ కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, పిలిచి, సెలవుకి వెళ్ళి తిరిగొచ్చి మళ్ళీ సంతకం పెడితే ఫోర్‌మాన్‌ని చేస్తానన్నాడు. మా ఆయన ఆ సాయంత్రం అన్నం తినకుండా పైన ఇంకో అంతస్తు కట్టేశారు మాటల్లోనే. ముందు వసారా, వెనక వంటిల్లు, మధ్యలో హాలు. నేను ఆ హాలుకి గాజుముక్కల దీపాలగుత్తి కొన్నాను మనామా సూక్ బజారులో. దాన్ని వేలాడదీయడానికి ఇంకా కప్పు లేదన్న సంగతి ఇద్దరికీ తోచలేదు. పాపని ఇంకా కొన్నాళ్ళు అమ్మ దగ్గరే ఉంచుదామనుకున్నాం. చిన్నదే కదా, దానికేం తెలుస్తుంది అనుకున్నాం.

మా పెట్టె కట్టడానికి బాబాయి వచ్చారు. టీ తాగారు, ఆవకాయ జాడీ ఎక్కడుందో చూశారు. దీపాలగుత్తిని పైకెత్తి కిటికీ వెలుగులో తిప్పారు. గదంతా రంగు చుక్కలు తిరిగాయి. ఆయన మొహం మీద కూడా.

"ఎంత బాగుందో. ఎవరికమ్మా?"

"ఇంటికండి" అన్నాను.

"ఇల్లు అడిగిందా?"

ఆయన దాన్ని పక్కన పెట్టారు. తర్వాత గులాబీరంగు గౌను తీశారు, అంచుకి లేసున్నది. ఈసారి ఇద్దరం ఒకేసారి, పరీక్షలో తెలిసిన ప్రశ్న వచ్చినట్టు, "పాపకి" అన్నాం.

"ఎంతుంటాదేంటి పాప?" అన్నారు ఆయన మామూలుగా.

నేను చెయ్యి నడుము దగ్గర గాలిలో పెట్టాను. మా ఆయన మోకాలికి కాస్త పైన పెట్టారు. ఒకరి చెయ్యి ఒకరం చూసుకున్నాం. అప్పుడు నాకు తెలిసింది, నేను చూపించింది నా బిడ్డ ఎత్తు కాదు. బుసైతీన్‌లో ఆ అరబ్బు ఇంటి చిన్నపిల్ల ఎత్తు. రోజూ ఆ పిల్లకి తల రుద్ది స్నానం చేయించే చెయ్యి కదా, దానికి ఆ ఎత్తే అలవాటు. మా ఆయన చూపించింది మేము బస్సెక్కిన రోజు పాప ఎంతుందో అంత. ఆయనకి పాప అక్కడే ఆగిపోయి ఉంది.

గాలిలో మా రెండు చేతులూ అలాగే ఉండిపోయాయి. బాబాయి వాటిని చూడనట్టే గౌను మడతపెట్టి అన్నిటికంటే పైన పెట్టారు. "తియ్యగానే కనపడాలి" అన్నారు. ఆయన ఇంకేమైనా అని ఉంటే కోప్పడి తప్పించుకునేదాన్నేమో.

విమానం ఎక్కే ముందు ఒక సాయంత్రం ముగ్గురం బుసైతీన్ ఒడ్డుకి వెళ్ళాం. సముద్రం వెనక్కి పోయి ఉంది. అక్కడ ఆటు వస్తే నీళ్ళు ఎంత దూరం పోతాయంటే, మనం సముద్రం అడుగున నడుస్తున్నామని మరిచిపోతాం. పడవలు ఇసుకలో పక్కకి వాలి పడుకున్నాయి. నీటికి అవతల మనామా దీపాలు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి. మా ఆయన ఒక పడవ మీద చెయ్యి వేసి ఆగారు.

"సంతకం పెడితే తప్పేంటండి బాబాయిగారూ? కష్టపడొద్దని వాక్యంలో ఎక్కడా లేదు కదా."

"లేదు బాబూ" అన్నారాయన. కొంచెం నడిచాక తన సంగతి చెప్పారు. అంతకుముందెన్నడూ మాకు చెప్పలేదు.

ఆయన మొదటిసారి సెలవుకి వెళ్ళినప్పుడు అందరికంటే పెద్ద టేప్‌రికార్డరు తీసుకెళ్ళారట. ఊరంతా వచ్చి చూశారట. ఆ సెలవంతా ఆయన దాన్ని చూపించడంలోనే ఉన్నారు. ఎవరొచ్చినా పాడించి, రికార్డు చేసి, వినిపించారు. పిన్నిగారు టీలు పెడుతూ లోపలికీ బయటికీ తిరిగారు. ఆ క్యాసెట్టు తనతో బహ్రెయిన్ తెచ్చుకుని, ఒక శుక్రవారం మంచం మీద పడుకుని పెట్టుకున్నారు.

"పాటలన్నీ బాగానే ఉన్నాయి" అన్నారు బాబాయి. "పాట పాటకీ మధ్యలో దగ్గు వినపడింది. చివరిదాకా ఉంది. మీ పిన్ని దగ్గు. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నా పక్కనే దగ్గింది. నాకు ఒక్కసారి వినపడలేదు బాబూ. సముద్రం ఇవతలికొచ్చాక వినపడింది."

మళ్ళీ సెలవు దొరికేలోగా ఆవిడ పోయింది.

మా కాళ్ళ కింద తడి ఇసుక చిన్నగా చప్పుడు చేస్తోంది. ఆయన గొంతులో ఏడుపు లేదు. ఎప్పుడో ఏడ్చేసిన మనిషి మాట్లాడినట్టు మాట్లాడారు.

"ఆశ పడటం తప్పని నేను చెప్పను. దానికి చెవుడుంటాది, అంతే. పక్కనోళ్ళు పిలుస్తున్నా వినపడదు. చర్చిలో కూర్చున్నా వినపడదు. దేవుడు పిలిచినా అంతే."

సంతకం పెట్టమనలేదు, మానమనలేదు. చెప్పులు తీసి చేత్తో పట్టుకుని, ఆ ఇసుకలోనే నిలబడి మా ఇద్దరి కోసం ప్రార్థన చేశారు. అంత చిన్న ప్రార్థన నేనెప్పుడూ వినలేదు. "ప్రభువా, వీళ్ళకి వినపడేలా చెయ్యి" అన్నారు. ఆమెన్ అన్నాం. అప్పటికే చీకటి పడుతోంది, ఎక్కడి నుంచో నీళ్ళు నెమ్మదిగా వెనక్కి వస్తున్నాయి.

దీపాలగుత్తిని ప్రార్థన గదికి ఇచ్చేసి వచ్చాం. ఆ గది కప్పు తక్కువ ఎత్తు కాబట్టి పొడుగువాళ్ళందరి తలకీ అది తగిలేదట. తలకి తగిలినవాళ్ళంతా మమ్మల్ని తలుచుకునేవారని కబురు తెచ్చిన అక్క చెప్పింది. ఏసీ గాలికి అది ఊగి గోడల మీద రంగులు తిరుగుతుంటే, బాబాయి పాట మరిచిపోయి చూస్తూ కూర్చునేవారట.

ధనాపేక్ష గురించి నేను చాలా ప్రసంగాలు విన్నాను. విన్నంతసేపూ పక్కింటివాళ్ళు గుర్తొచ్చేవాళ్ళు. బాబాయి ముందు కూర్చుంటే మాత్రం నా మంచం మీద సామానే కనపడేది. ఆయన వల్ల నేను పెద్ద విశ్వాసినైపోయానని చెప్పను. ఇప్పటికీ పండక్కి చీరల కొట్లోకి వెళితే ఒక పట్టాన బయటికి రాను. కానీ ఆ మనిషిని నా దారిలో పెట్టినందుకు దేవుడికి రోజూ కృతజ్ఞత చెప్పుకుంటాను. ఆయన్ని మళ్ళీ చూడలేకపోయానన్నది ఇక తీరేది కాదు.

ఆయన్ని తలుచుకుంటే నాకు ఆయన లేని ఒక పొద్దు గుర్తొస్తుంది. మేము సెలవుకి వచ్చినప్పుడు పాప మా అమ్మ కొంగు వెనక నుంచి మమ్మల్ని చూసింది. గౌను తల దగ్గరే ఇరుక్కుపోయింది. పాప దాన్ని జాగ్రత్తగా మడిచి నా చేతికిచ్చి, "ఇది నాది కాదండి" అంది. ఊళ్ళో కొత్తవాళ్ళతో ఎలా మాట్లాడాలో మా అమ్మ బాగా నేర్పింది. సెలవంతా ఆ పిల్ల మమ్మల్ని అండీ, గారూ అంటూనే ఉంది. మా ఆయన వచ్చినవాళ్ళకి ఫోర్‌మాన్ ఉద్యోగం గురించి చెబుతూనే ఉన్నారు. నేను వింటూనే ఉన్నాను. ప్రయాణం రోజు రానే వచ్చింది.

బాబాయి కట్టిన పెట్టెలోనే వడియాలూ కారప్పొడీ సర్ది, తాడు వేయడానికి వసారాలో ఉంచాం. రిక్షా గుమ్మం ముందుకొచ్చింది. మా ఆయన చేతిసంచీ తీసుకెళ్ళి అందులో పెట్టి వచ్చారు. పాపకి చెప్పి వెళ్దామంటే పాప లేదు. మా అమ్మ పెరట్లోకి వెళ్ళి పిలిచింది. నేను వీధిలోకి వెళ్ళి పిలిచాను. రైలుకి టైమైపోతోందని రిక్షా అతను గంట కొట్టాడు. వసారాలో నిలబడ్డ మా ఆయన చెయ్యెత్తి అందర్నీ ఆగమన్నారు.

"ఉండండి. ఏదో వినపడుతోంది."

వడియాల డబ్బాలు బయట నేల మీద వరసగా పెట్టి ఉన్నాయి. పెట్టె మూత దగ్గరికి లాగి ఉంది. ఆయన వంగి అట్ట ఎత్తారు. పాప మోకాళ్ళు గెడ్డానికి ఆనించుకుని, తాడు కొస చేత్తో పట్టుకుని లోపల కూర్చుని ఉంది.

"నన్ను కూడా కట్టెయ్ నాన్నా" అంది. "నేను బరువుండను."

మా ఆయన ఆ పెట్టె పక్కన నేల మీద కూర్చుండిపోయారు. ఎప్పుడో రిక్షా వెళ్ళిపోయిన చప్పుడైంది. కాసేపటికి అతను వీధి మలుపు నుంచి వెనక్కి వచ్చి, సీటులో మరిచిపోయారంటూ చేతిసంచీ తెచ్చి అరుగు మీద పెట్టి వెళ్ళాడు. పాప ఆ పెట్టెలోనే నిద్రపోయింది. మా ఆయన ఎండ దాని మొహం మీద పడకుండా అట్టమూత చేత్తో ఎత్తి పట్టుకుని కూర్చున్నారు. సంచీ పొద్దు గూకేదాకా అరుగు మీదే ఉంది. లోపలికి తేవడానికి ఎవరం లేవలేదు.